గుడ్డు రాయిలో నల్ల టై

కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావని మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ తిట్టేది. పెద్దయ్యాక అదే నా ఉద్యోగం అయింది. వజ్రాలు సానపట్టే ఒక చిన్న కార్ఖానాలో నేను చెకింగ్ చేస్తాను. ఓవల్ రాళ్ళను మా పనివాళ్ళు గుడ్లు అంటారు. ఆ గుడ్లన్నీ నా బల్ల మీదికే వస్తాయి. ఈ సంగతి తెలిసినప్పుడు అమ్మ ఫోన్లో ఎంత నవ్విందో చెప్పలేను.

గుండ్రటి రాయితో పేచీ లేదు. కట్ ఎలా ఉందో కాగితం మీద గ్రేడు రాసిచ్చేస్తారు. ఓవల్‌కి మా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. పొడవు, వెడల్పు, లోతు అన్నీ అంకెల్లో ఉంటాయి కానీ, ఒకే అంకెలున్న రెండు గుడ్లలో ఒకటి దీపంలా వెలుగుతుంది, రెండోది బలవంతంగా నిద్ర లేపిన మనిషి మొహంలా ఉంటుంది. ఏది ఏదో కళ్ళతో చూసి చెప్పాల్సిందే.

చూడటానికి ఒక పద్ధతి ఉంది. నగల దుకాణంలో నెత్తి మీద వెలిగే దీపాలను నమ్మకూడదు, వాటి కింద సీసా పెంకు కూడా తళతళలాడుతుంది. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, రాయిని మూరెడు దూరంలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపాలి. వెలుగు ఆ అంచు నుంచి ఈ అంచుకు పరిగెత్తాలి. రాయిని అచ్చు కాగితం మీద పెట్టినప్పుడు దాని గుండా అక్షరాలు కనిపిస్తే, లోతు చాలక వెలుగంతా కిందికి కారిపోతోందన్నమాట. వీటన్నిటినీ మించిన తంటా టై. ఓవల్ నడుముకు అడ్డంగా, బో టై ఆకారంలో ఒక నల్లటి నీడ పడుతుంది. కొద్దో గొప్పో ప్రతి గుడ్డుకూ ఉంటుంది. రాయిని ఊపితే అది చెదిరిపోవాలి. ఎంత ఊపినా మొండికేసి కూర్చుంటే ఆ రాయి ఫెయిల్.

ఇదంతా నాకు నేర్పింది మా మామగారు. యాభై ఏళ్ళుగా అదే కార్ఖానాలో, అదే స్టూలు మీద, అదే సాన దగ్గర కూర్చుని రాళ్ళు కోస్తున్నారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. డెబ్బై దాటాక, రెండేళ్ళ కిందట, కళ్ళజోడు తీసి సొరుగులో పడేసి, జోడు లేకుండా సూదిలో దారం ఎక్కించి చూపించారు. కళ్ళు మళ్ళీ కుర్రతనంలోకి వచ్చాయని వీధంతా చెప్పుకొచ్చారు. నేనూ మా ఆయనా కూడా మురిసిపోయాం. ఇంట్లో బొత్తాలు ఊడితే ఆయన చేతే కుట్టించుకున్నాం.

కార్ఖానా యజమానురాలు మామగారి పాత యజమాని కూతురు. నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తురాలు, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఒక సోమవారం పొద్దున మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది. గోడవారగా అట్టపెట్టెలో కొత్త మెషీన్ ఉంది. లేజర్‌తో కోసేది.

"బాబాయ్, మీ దగ్గర దాపరికం దేనికి. ఏడాదిగా మీ ఓవల్స్ సన్నబడి వస్తున్నాయి. మొన్న రెండు రాళ్ళు వెలుగులో పాసై కూడా ఉంగరంలో కూర్చోక వెనక్కొచ్చాయి."

"టై పోవాలంటే కొయ్యాలి కదమ్మా," అన్నారు మామగారు.

"సరే. పళ్ళ డాక్టరమ్మ ఒక ఓవల్ ఉంగరం చేయించుకుంటోంది. ఆ రాయి మీరే కొయ్యండి. శుక్రవారం మీ కోడలు చూస్తుంది. పాసైతే స్టూలు మీది. లేకపోతే అక్కడ మెషీన్ పెట్టిస్తాను, మీరు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

"ఇంట్లో హాయిగా ఎలా కూర్చుంటారో నాకు తెలీదమ్మా. ఎప్పుడూ కూర్చోలేదు." ఆయన నా వైపు చూశారు. "ఇది చూస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. మీకే ఉండాలి, ఇంటి మనిషి కాబట్టి."

"మీ కోడలా? నేను తెచ్చిన రాళ్ళనే మొహమాటం లేకుండా తిప్పికొడుతుంది," అంది ఆమె.

పొగిడిందో తిట్టిందో తెలియలేదు. నేను మాత్రం అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఫెయిల్ చేస్తే ఆయన స్టూలు పోతుంది, మొహమాటానికి పాస్ చేస్తే నా మాట విలువ పోతుంది. ఇంటికెళ్ళి మా ఆయనతో మొర పెట్టుకుంటే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, మీరూ మీరూ చూసుకోండి," అని షూ వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

బుధవారానికి రాయి ఆకారానికి వచ్చింది. శుక్రవారం దాకా చూడకూడదని అనుకున్నాను గానీ ఉండబట్టలేదు. మామగారు మంచినీళ్ళకి లేచినప్పుడు పటకారుతో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. భుజాలు రెండూ సమానంగా ఒంపు తిరిగాయి. వెలుగు ఎక్కడా ఆగడం లేదు. నడుములో సన్నటి నీడ ఉంది, ఊపగానే చెదిరిపోయింది. ఇంత మంచి గుడ్డు నా బల్ల మీదికి వచ్చి చాలా రోజులైంది.

"మామయ్యా, ఇక్కడితో ఆపేయండి. బాగుంది."

"ఏం బాగు? మధ్యలో కాకి వాలినట్టు టై ఉంటే."

"ఊపితే పోతోందిగా."

"నాకు పోవడం లేదు. నువ్వు నా మీద దయ తలచకు, వెళ్ళు." మళ్ళీ సాన తిప్పారు.

గురువారం పొద్దున సాన మీద ఇంకో పట్టు. పది గంటలకు ఇంకో పట్టు. టై పోవాలంటే రాయి అడుగు పలకల్ని అరగదీయాలి. అరగదీసిన కొద్దీ లోతు తగ్గుతుంది. మధ్యాహ్నానికి రాయి కొలత ఉంగరానికి సరిగ్గా సరిపోయే దగ్గరికి వచ్చి నిలిచింది. ఇంకొక్క పట్టు పడితే సైజూ పోతుంది, రాయి గుండా అక్షరాలూ కనిపిస్తాయి. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నా కళ్ళ ముందే ఒక మంచి రాయిని పాడుచేస్తున్నాడు, తన స్టూలు తనే లాగేసుకుంటున్నాడు, ఎంత చెప్పినా వినడు. నాలుగు మాటలు అనేద్దామని విసవిసా ఆయన సాన దగ్గరికి వెళ్ళాను.

మామగారు రాయిని పటకారుతో పట్టుకుని చూస్తున్నారు. మూరెడు దూరంలో కాదు, బెత్తెడు దూరంలో కూడా కాదు, దాదాపు ముక్కుకు ఆనించుకుని. పైగా నెత్తిన నల్ల ఉన్ని టోపీ.

ఓవల్ రాయి నడిమి పలకలకు ఒక గుణం ఉంది. చుట్టుపక్కల వెలుగును కాక, ఎదురుగా ఏముంటే దాన్నే తిరిగి చూపిస్తాయి. ఎదురుగా ఉండేది చూసేవాడి తల. అందుకే అక్కడ నల్లగా కనిపిస్తుంది. తల దూరంగా ఉంటే నీడ చిన్నది, దగ్గరికి తెస్తే పెద్దది. ముక్కుకు ఆనిస్తే, ఇక రాయి ఎంత ఊపినా తలే కనిపిస్తుంది. మామగారు నిన్నటి నుంచి అరగదీస్తున్నది తన తల నీడని.

"మామయ్యా, దూరంగా పెట్టి చూడండి."

"చూశాను."

"నా ముందు చూడండి."

పటకారు తీసుకుని కిటికీ దగ్గర రాయిని మూరెడు దూరంలో పట్టుకున్నాను. ఆయన మెడ ముందుకు సాచారు. నేను వెనక్కి జరిపాను. మళ్ళీ సాచారు. ఇది కుదరదని రెండో చెయ్యి ఆయన నుదుటి మీద పెట్టి మెల్లగా వెనక్కి నెట్టాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు చెప్పండి. టై ఉందా?"

మెల్లగా, పక్క సాన అతనికి వినపడకుండా అడిగారు.

"రాయి ఎక్కడుంది?"

అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"దూరంవి రెండేళ్ళుగా మసకే. దగ్గరవి మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. మన పని దగ్గరి పనేగా, దూరంవి చూసి ఏం చేయాలి అనుకున్నాను." టోపీ తీసి దాని వైపు చూశారు. "అయితే ఆ వెనక్కొచ్చిన రెండు రాళ్ళు కూడా నా తల చూసుకునే కోశానంటావా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా నవ్వారు గానీ, ముందు ఆపింది ఆయనే.

రాయిని ఆయన చేతికి తిరిగి ఇవ్వలేదు. పొట్లం కట్టి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు ఆయన ఒకే మాట అడిగారు, మేడమ్‌కి చెప్తావా అని. నాకే తెలియదన్నాను. ఆ మాట నిజం.

శుక్రవారం యజమానురాలు నా బల్ల పక్కనే నిలబడింది. మామగారు తలుపు దగ్గర, టోపీ చేతిలో పట్టుకుని ఉన్నారు. నేను అన్ని పరీక్షలూ ఒకటికి రెండుసార్లు చేశాను. కిటికీ దగ్గర చూశాను, నీడలో చూశాను, అచ్చు కాగితం మీద పెట్టి చూశాను. అక్షరాలు కనిపించలేదు. కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాను.

"అయితే బాబాయ్ స్టూలు బాబాయ్‌దే," అంది యజమానురాలు. ఆమెకు నిజంగానే సంతోషం కలిగింది.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ వచ్చే వారం ఇంకో రాయి వస్తుంది, ఆయన మళ్ళీ ముక్కుకు ఆనించుకుంటారు, ప్రతిసారీ నేను నుదురు నెట్టలేను.

"రాయి పాస్ మేడమ్," అన్నాను. "మామయ్య కళ్ళు ఫెయిల్. చూపించుకుని బాగుచేయించుకునేదాకా ఆయన్ని సాన ముట్టుకోనివ్వకండి."

మామగారు టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. కళ్ళు బాగయ్యాక రమ్మనండి, అప్పటిదాకా మెషీన్‌ని పెట్టెలోంచి తీయను అని యజమానురాలు నాతో అంది. మంచి మాటే. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

కళ్ళ డాక్టరు శుక్లాలని తేల్చాడు. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి దగ్గరి చూపు బాగైనట్టు అనిపిస్తుందట. మేం మురిసిపోయిన సూదీ దారం సంగతి అసలు జబ్బు లక్షణమన్నమాట. ఒక కన్ను తర్వాత ఒకటి ఆపరేషన్లు అయ్యాయి. అన్నాళ్ళూ మామగారు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా కొడుకుతో చెప్పించేవారు. నేను ఎదురుగానే ఉండేదాన్ని.

చూపు వచ్చింది. కార్ఖానా నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఆయన వెళ్ళలేదు. మా ఆయన్ని గట్టిగా అడగమంటే అసలు సంగతి బయటపడింది.

"ఆ రాయి ఫెయిలయ్యే ఉంటుందట," అన్నాడు మా ఆయన. "కళ్ళ సంగతి నలుగురిలో చెప్పి పరువు తీస్తున్నాను కదా, కనీసం రాయినైనా పాస్ చేద్దామని నువ్వు జాలిపడ్డావట. జాలి మీద ఇచ్చిన స్టూలు ఎక్కి కూర్చోడట."

నా ఒళ్ళు మండిపోయింది. నా సంతకాన్ని అంత తేలిగ్గా తీసేస్తారా అని గొడవకి వెళ్ళేలోపు, మామగారే వచ్చి నా ఎదుట నిలబడ్డారు. రెండు నెలల్లో నాతో అన్న మొదటి మాట.

"రేపు రెండింటికి పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. నువ్వూ రా."

"మీకు పళ్ళెక్కడున్నాయి మామయ్యా?"

"కట్టుడు పళ్ళయినా ఆరు నెలలకోసారి చూపించాలట."

ఆ డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టి, మెడ చుట్టూ కాగితం తువ్వాలు కట్టి, పళ్ళ సెట్టు తీసి చూసింది. దానికి ఏ జబ్బూ లేదంది. అప్పుడు మామగారు బోసినోటితోనే, ఉంగరం ఒకసారి చూపిస్తావా అమ్మా, ఆ రాయి కోసింది నేనే అన్నారు. ఆమెకు అర్థం కావడానికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. చేతి తొడుగులు తీసేసి, సొరుగులో దాచిన ఉంగరం తెచ్చి పెట్టుకుని చెయ్యి చాపింది.

మామగారు నెత్తి మీది పెద్ద దీపం ఆర్పించారు. కుర్చీకి తల ఆనించి, కిటికీ వైపు చూపించమన్నారు. మెల్లగా ఊపమన్నారు. ఆమె విసుక్కోకుండా ఊపింది. చాలాసేపు చూసి, పళ్ళు పెట్టుకుని, దణ్ణం పెట్టి లేచారు.

మెట్ల మీద నన్ను ఆపారు.

"టై ఉంది."

"ఉంది. సన్నగా."

"ఊపితే పోతోంది."

"పోతోందని బుధవారమే చెప్పాను."

"గురువారం ఇంకో పట్టు పట్టి ఉంటే?"

"అక్షరాలు కనిపించేవి. ఫెయిల్ చేసేదాన్ని."

"నన్ను ఇంట్లో కూర్చోబెట్టేదానివా?"

"కూర్చోబెట్టేదాన్ని. రోజూ మీ మొహం చూడలేక చచ్చేదాన్ని. అయినా ఫెయిలే."

ఆయన నా మొహంలోకి తేరిపార చూశారు. కొత్త కళ్ళు కదా, ఏదీ వదలవు. ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రుద్దకూడదని గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన భయపడింది కళ్ళ గురించి కాదు, తన చేతి పనితనం పోయిందేమోనని.

"కార్ఖానా ఎన్నింటికి మూస్తారు?" అన్నారు, యాభై ఏళ్ళుగా తెలియనట్టు.

"ఆరింటికి."

"ఇప్పుడు మూడేగా."

నా జవాబు కోసం చూడకుండా గబగబా మెట్లు దిగి కార్ఖానా దారి పట్టారు. మెడలో కాగితం తువ్వాలు అలాగే ఉంది. వెనక నుంచి పిలిచి చెబుదామనుకున్నాను గానీ, ఆ నడక ఆపబుద్ధి కాలేదు.