ప్లాస్టిక్ తలుపు చల్లారేదాకా

దొనాతా శనివారం పొద్దున తన కారు తీసుకెళ్ళడానికి లెచ్చే ఊరికి వచ్చింది. ఒరోంజోతో విడిపోయాక అతని షెడ్డులో అడుగుపెట్టడం ఇదే మొదలు. బ్రిందిసిలో అక్క దగ్గర ఉంటోంది. సోమవారం నుంచి ఆసుపత్రి వంటశాలలో పని. తెల్లవారుజామున అటు బస్సు లేదు.

కార్ల రంగులు, పాలిష్ ఒరోంజో వృత్తి. రెండేళ్ళుగా ఆమె కారు అతని షెడ్డు ముందే ఉంది. చిన్న కారు. తలుపులు, మడ్‌గార్డులు ప్లాస్టిక్‌వి. వాటి నిండా నీటి మచ్చలు. పని సాయంత్రం దాకా సాగితే ఆమె మధ్యాహ్నం తనతో కూర్చుని తింటుందని అతని ఆశ.

"ఇంకా అవలేదా?" అంది.

"ఎర్ర వాన పడింది కదా. ఆఫ్రికా ఇసకంతా నీ కారు మీదే కురిసింది. పైన పేరుకున్న సున్నం తీసేశాను. కింద పూతలో గుంటలు పడ్డాయి. వాటిని మెల్లగా అరగదియ్యాలి."

"మెల్లగా అంటే?"

"ప్లాస్టిక్ కదా, వేడి బయటికి పోదు. కాస్త రుద్దాలి, చల్లారేదాకా ఆగాలి. రేపటిదాకా పట్టొచ్చు."

అందులో సగం నిజం. రేకు మీదైతే పూత ఎంత మిగిలిందో మీటరు చెబుతుంది. ప్లాస్టిక్ మీద ఆ మీటరు పలకదు. చేత్తో తెలుసుకోవాల్సిందే. అతను ఎడమ తలుపు మీద స్పాంజితో కాసేపు రుద్ది ఆపాడు. కాఫీ కాచి తెచ్చాడు.

"మీ అక్క ఇంకా నన్ను తిడుతోందా?"

"నీ పేరు కూడా మర్చిపోయింది. ఆ పాలిష్‌వాడు అంటుంది."

"గౌరవంగానే అంటుందా?"

"లేదు."

ఇద్దరూ నవ్వారు. అతను ఇంకో కప్పు పోయబోయాడు. ఆమె లేచి వెళ్ళి తలుపుకి అరచేతి వెనక వైపు ఆనించింది. పదిహేనేళ్ళు ఈ షెడ్డులో అతనితో పాటు పని చేసిన మనిషి.

"ఎప్పుడో చల్లారింది," అంది. తర్వాత వంగి మచ్చల్ని చూసింది. "ఒరోంజో, వాన పైనుంచి కదా పడేది. ఇవి కింద నుంచి చిమ్మినట్టున్నాయే?"

అతను కాఫీ కప్పులు తీసి పక్కన పెట్టాడు.

"సున్నం ఉన్న బావి నీళ్ళ పైపు పట్టావు. ఎండలో పట్టి, తుడవకుండా వదిలేశావు. ఆ తప్పు చేసి కారు తెచ్చినవాళ్ళని గేటు దగ్గరే నిలబెట్టి తిట్టేవాడివి. ఒక పళ్ళ డాక్టరమ్మయితే ఏడ్చినంత పని చేసింది."

"నువ్వు ఎప్పుడైనా వస్తే దుమ్ముతో ఉండకూడదని పట్టేవాణ్ణి. రోజూ."

"తుడవచ్చుగా?"

"నువ్వు లేకుండా దాని మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు."

దొనాతా కోటు విప్పి కుర్చీ మీద వేసింది. అలమర తలుపు తీసి, ఇంకో స్పాంజి ఎక్కడుందో అడక్కుండానే తీసుకుంది.

"నువ్వు అటు, నేను ఇటు," అంది.

ఒక తలుపు చల్లారేలోపు మడ్‌గార్డు, అది చల్లారేలోపు వెనక తలుపు. ఆగాల్సిన పనే లేకపోయింది. ఒంటరిగా అయినా అలాగే చెయ్యొచ్చని ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట అనలేదు. పాలిష్ సీసా కారు మీదుగా అందించింది, అతను అందుకున్నాడు. చాలా రోజులకు అతని చేతులు ఇంకొకరి వేగానికి తగ్గట్టు కదిలాయి. అందుకే పని త్వరగా అయిపోయింది. మధ్యాహ్నం భోజనానికి ఇంకా చాలా టైముంది.

డ్రైవరు తలుపు మీద ఒక గుంట పోలేదు.

"ఇంకాస్త రుద్దనా?" అన్నాడు.

"వద్దు. పూత మొత్తం అరిగిపోతుంది. నీకూ తెలుసు."

"భోంచేసి వెళ్ళొచ్చు కదా. చిక్కుళ్ళు ఉడికించాను."

"అక్క ఎదురుచూస్తుంది, ఒరోంజో."

ఆమె చేతులు కడుక్కుని కోటు వేసుకుంది. కారు ఒకేసారికి స్టార్టయింది. బ్యాటరీ అతను చార్జి చేసి ఉంచాడు. గేటు దగ్గర ఆపి అద్దం దించింది.

"ఇండికేటరు వెలుగుతోందా, చూడు."

అతను వెనక్కి వెళ్ళి చూశాడు. ఎడమ వైపుది, బ్రిందిసి రోడ్డు వైపుది, వెలిగి ఆరుతోంది. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి, వెలగట్లేదా?"

"వెలుగుతోంది," అన్నాడు. "వెళ్ళు."