మంట దగ్గర సాక్ష్యం

అన్నం వార్చే పని నాకే అప్పజెప్పారు. ఇంట్లో వార్చేది నేనే, సముద్రం ఒడ్డునా నేనే. పటాన్‌చెరు నుంచి మా చర్చి సంఘం కుటుంబాలన్నీ బస్సు మాట్లాడుకుని సూర్యలంకకు వచ్చాం. మగవాళ్ళూ పిల్లలూ పగలంతా నీళ్ళలోనే ఉన్నారు. ఆడవాళ్ళం వెంట తెచ్చుకున్న ఇటుకలతో పొయ్యి పెట్టి, గాలికి ఆరిపోకుండా దానికి అడ్డంగా కూర్చున్నాం. ఇసుక పడకుండా ఇంతమందికి వండటం ఎంత పనో తినేవాళ్ళకేం తెలుసు. నా భర్త దావీదు తింటూ, ఇసుక తగిలిందని ఒక్క మెతుకు పక్కకు తీసి, "జెర సూసి వండొద్దా" అన్నాడు.

పొద్దుగూకాక మా పాస్టరు అయ్యగారు ఎండుకట్టెలు పేర్పించి మంట పెట్టించారు. చుట్టూ కూర్చుని ఒక్కొక్కరం సాక్ష్యం చెప్పాలి. దేవుడు చేసిన మేలు, మనం చేసుకున్న తీర్మానం. ఎవరేం చెప్పినా అందరూ ఆమెన్ అంటారు, ఎదురు మాట్లాడరు. కాసేపు కాళ్ళు చాపుకోవచ్చు, అదే చాలనుకున్నాను.

దావీదు లేచాడు. వాళ్ళమ్మ సౌభాగ్యమ్మ తుంటి విరిగి మంచం పట్టినప్పటి నుంచి ప్రార్థన చేస్తున్న అందరికీ వందనాలు చెప్పాడు. తర్వాత, "వచ్చే నెల సంది మా సుకుమారి నౌకరి ఇడిసిపెడ్తది. ఇంటికాడుండి అమ్మ సేవ జేస్తది" అన్నాడు.

అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరమ్మగారు నా భుజం నిమిరి, ధన్యురాలివమ్మా అన్నారు. ఆ సుకుమారిని నేనే. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల కంపెనీలో గోళీలు ప్యాకింగ్ చేస్తాను. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద ఉంచి మొన్ననే పర్మనెంట్ చేశారు. ఆ మాట చెప్తే దావీదు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "కలెక్టర్ను జేసిన్రా ఏంది" అన్నాడు. ఇప్పుడు మానేస్తే మళ్ళీ గేటు లోపలికి రానివ్వరు. అయినా అత్తకు నేను సేవ చేయనిదెప్పుడు? చీకటితో లేచి, ఒళ్ళు తుడిచి, బట్ట మార్చి, జావ తాగించే కదా షిఫ్టుకు పోతాను. వచ్చాక మళ్ళీ అదే. నేను లేని వేళల్లో, ఇప్పుడీ ప్రయాణంలోనూ, కనిపెట్టుకోమని పక్కింటామెను బతిమాలుకున్నాను. వేరే ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు చేసొచ్చే కన్నకొడుకు ఒక్కనాడూ ఆ మంచం దగ్గర కూర్చోలేదు, అది ఆడోళ్ళ పని అంటాడు. ఆమె మీద నాకు కోపం లేదు, నాకు లేనిదల్లా ఓపిక. కంపెనీలో నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతాయి, నిజమే. కానీ అక్కడ నా పని అయిపోయిందని సైరన్ మోగుతుంది. ఇంట్లో ఎవరు మోగిస్తారు? అంతమందిలో దావీదు అలా అన్నందుకు ఏడుపన్నా రావాలి, అదీ రాలేదు. అంత అలిసిపోయి ఉన్నాను.

నా వంతు వచ్చింది. అయ్యగారు చెప్పమన్నట్టు తలూపారు. చేతుల ఇసుక దులుపుకుని లేచాను.

"నన్ను పర్మనెంట్ చేయించినందుకు దేవునికి వందనాలు. నేను నౌకరి ఇడువ, అత్తమ్మనూ ఇడువ. వచ్చే నెల సంది ఈయన నైట్ షిఫ్టు అడిగి తీసుకుంటడు. పగటీలి నేను డ్యూటీల ఉన్నప్పుడు తల్లిని ఈయనే సూసుకుంటడు."

ఎవరూ ఆమెన్ అనలేదు. దావీదు తల దించుకున్నాడు. అయ్యగారు, ఈ సంగతి దావీదుకు ఎరుకేనా అమ్మా అని అడిగారు.

"లేదయ్యగారూ. నా సంగతి నాకెట్ల ఎరుకైందో, ఆయన సంగతి ఆయనకు గూడ గట్లనే ఎరుకైంది."