తుమ్మకొమ్మ మీది లంగా

పెద్దోళ్ళ రవికెలు కుట్టేటోళ్ళు ఆత్మకూరులో ఇద్దరు ముగ్గురున్నా, ఆడపిల్లల బట్టలనేసరికి తల్లులందరి కాళ్ళూ సాలమ్మ ఇంటి దిక్కే నడిచేవి. ఎదిగే పిల్లకు లంగా అంచులో ఎంత మడత దాచిపెట్టాలో, బుట్టచేతుల కుచ్చు ఎక్కడ బిగిస్తే చెయ్యెత్తి ఆడినా కుట్టు తెగదో ఆమెకు బాగా తెలుసు. చిన్నప్పుడు పాలమూరులో తెల్ల దొరసానుల మిషను బడిలో ఉండి నేర్చుకున్న పని అది. పెనిమిటి ఏసోబు రోడ్డు పనుల మీద ఊళ్ళు పట్టుకుని తిరిగే మనిషి, ఇంటికొచ్చేది తక్కువ. ఇంట్లో ఉండేది సాలమ్మ, ఎనిమిదేండ్ల బిడ్డ జానమ్మ, కాలితో తొక్కే ఒక కుట్టుమిషిను.

హైదరాబాదు రాజ్యం పోయి కొత్తగా ఆంధ్రప్రదేశ్ అయిన రోజులవి. ఏటా దసరా దగ్గర పడుతోందనగా బీరమ్మ వచ్చేది. గొర్లోళ్ళ గూడెం మనిషి. మొగడు మల్లప్పతో కలిసి వానలు వెనకపట్టగానే మందను కృష్ణ దాటించి అవతలి ఒడ్డుకు తోలుకపోయేది. ఎండాకాలం చివర్లో మళ్ళీ ఇటు తోలుకొచ్చేది. సాలమ్మ కులం సంగతి మనసులో పెట్టుకునో ఏమో, గడప మాత్రం దాటేది కాదు. అరుగు మీదే కూచుని, కొంగులోంచి ఎర్రటి పూలబట్ట, దానితో పాటు ముళ్ళు వేసిన నల్లటి ఉన్నిదారం తీసి పెట్టేది. ఒక ముడి నడుం దాకా, ఒక ముడి కాలి గిలక దాకా. పిల్ల కొలత అది.

మొదటి ఏడే ఒక మాట గట్టిగా చెప్పింది.

"మిషిన్ మీద కుట్టకు సాలమ్మా. చేతికుట్టే కుట్టు. బిడ్డకు చప్పుడంటే భయం."

సాలమ్మ నవ్వింది. "కుట్టేటప్పుడు చప్పుడైతది గానీ, తొడుక్కున్నంక బట్టకు చప్పుడెక్కడిదక్కా?"

బీరమ్మ నవ్వలేదు. "బిడ్డ ఇంటది," అన్నది.

"పిల్లను ఒక్కపారి తోల్కరారాదు? ఒంటి మీద కొలత తీస్తే ముద్దుగ కుదురుతది."

"మంద కాడ ఉన్నది."

గొర్లోళ్ళ పిల్లలు మంద వెంబడే తిరుగుతారు గదా అని సాలమ్మ సాగదీయలేదు. ఆ పిల్లదీ జానమ్మదీ ఒకటే ఈడులాగుంది, ఒకటే ఎత్తులాగుంది. అందుకని లంగా కుట్టి అయ్యాక ఏటా ఒకసారి బీరమ్మ ముందరే జానమ్మకు తొడిగి, వెనక్కీ ముందుకూ తిప్పి, అంచు సమంగా పడ్డదా లేదా చూసుకుని, విప్పి మడత పెట్టి ఇచ్చేది.

ఆ ఏడు బీరమ్మ ఎప్పటికన్నా ముందే వచ్చింది. మనిషి చిక్కిపోయింది. కొత్తబట్టతో పాటు పోయినేడు సాలమ్మే కుట్టిచ్చిన లంగా కూడా తెచ్చింది.

"కొత్తది కుట్టేదాక పెయ్యి మీదికి ఇదే కావాలె. కింద జర అతుకెయ్యి," అన్నది.

సాలమ్మ కొత్తబట్ట విప్పి చూసింది. "గింత బట్ట ఎందుకక్కా? ఇద్దరు పిల్లలకు సరిపోతది."

"ఉండనియ్యి," అని బీరమ్మ లేచి వెళ్ళిపోయింది.

పాత లంగాను సాలమ్మ వెలుతురులో పెట్టి చూసింది. పిల్లలు బట్టనెట్లా అరగదీస్తారో ఆమెకు తెలియనిది కాదు. ఇదీ అట్లాగే అరిగింది. మోకాళ్ళ దగ్గర రంగు వెలిసింది, అంచు నిండా పల్లేరు ముళ్ళు, కూచుని లేచిన చోట నూలు పలచబడింది. ఏదో పిల్ల ఏడాది పొడుగునా ఆడిన బట్టే. చిత్రమేమంటే, లోపలి మడతల్లో పచ్చటి పాచి పట్టింది, కుచ్చుల్లో మెత్తటి ఒండ్రు. ఎంత దులిపినా రాలుతూనే ఉంది. ఉతికి ఎండలో ఆరేస్తే మధ్యాహ్నానికి అరుగంతా ఆరింది, లంగా ఆరలేదు.

ఆ మరునాడే అదే గూడెం నుంచి గుర్వమ్మ అనే ముసలామె మనవరాలి గౌనుకని వచ్చి, దండెం మీది లంగా చూసి, "ఇది ఎవలదే?" అని అడిగింది.

"మీ బీరమ్మ బిడ్డది."

గుర్వమ్మ కూచోబోయినదల్లా అట్లాగే ఆగిపోయింది.

"బీరమ్మకు బిడ్డ ఏడున్నదే? ఒక్కతే ఒక్క పిల్ల. పుట్టిల ఏరు దాటుతుంటె సుడికి పుట్టి ఒరిగి నీళ్ళల్ల పడ్డది. అప్పటికి మూడేండ్లది. ఎంత దేవులాడినా శవం గూడ దొరకలే. దినాలు చెయ్యమంటె బీరమ్మ చెయ్యనియ్యలే. బతికే ఉన్నదంటది."

సాలమ్మ చేతిలో సూది ఎక్కడ పడిందో ఆమెకే తెలియలేదు. ముసలామె వెళ్ళిపోయాక చాలాసేపు దండెం దిక్కు చూడకుండా కూచుంది. తల్లి పిచ్చిది, సరే. మరి లంగా తొడిగి అరగదీసింది ఎవరు?

ఆలోచన తెగక నీళ్ళకని బావికి పోయింది. తిరిగొచ్చేసరికి దండెం ఖాళీగా ఉంది.

జానమ్మ ఇంట్లో నడుమ నిలబడి ఉంది, ఒంటి మీద ఆ లంగా. పొద్దున్న సాలమ్మే నూనె రాసి గట్టిగా అల్లిన జడ విడిపోయి, చివర్ల నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయి. బయట ఎండ మండిపోతోంది. పిల్ల నాలుక మడిచి గొర్లను అదిలించినట్టు ఒక కూత పెట్టింది. ఆ కూత ఆ ఇంట్లో ఎవరూ నేర్పింది కాదు.

"జానీ, ఇప్పెయ్యే," అన్నది సాలమ్మ.

పిల్ల తలతిప్పి చూసింది. కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది.

"మా అమ్మ ఇంక రాలే?"

"నేను గాదె అమ్మను?"

"నువ్వు కుట్టే అమ్మవు," అన్నది జానమ్మ నిదానంగా.

సాలమ్మ బిందె వదిలేసి పిల్ల మీద పడి లంగా గుంజింది. నాడా ముడి రాలేదు. తడికి బిగుసుకుపోయింది. కత్తెరతో కోసి తీసేసరికి పిల్ల నడుం చుట్టూ తెల్లగా, చాలాసేపు నీళ్ళల్లో నానిన చర్మంలాగా ముడతలు పడి ఉన్నాయి. జానమ్మ వెంటనే ఏడుపందుకుని "అమ్మా, సలి," అన్నది. ఆ మాట విన్నాకనే సాలమ్మకు మళ్ళీ ఊపిరాడింది. గొంగడి కప్పి ఒళ్ళో వేసుకుని, నోటికొచ్చిన ప్రార్థనంతా చదివింది. పిల్లకు జ్వరం అందుకుంది.

కబురు పంపితే బీరమ్మ వచ్చింది. అరుగు మీద కూచోబోతుంటే సాలమ్మ చెయ్యి పట్టి లోపలికి గుంజింది. బీరమ్మ ఆ ఇంటి గడప దాటడం అదే మొదలు. మూలుగుతున్న జానమ్మను చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"నిజం చెప్పక్కా. ఈ బట్టలు ఎవలు తొడుగుతున్నరు?"

బీరమ్మ గోడకానుకుని కూలబడింది.

"రేవు కాడ తుమ్మచెట్టు ఉన్నది. నా బిడ్డ పడ్డ జాగా. మంద దాటిచ్చేటప్పుడు కొత్తబట్ట ఆ కొమ్మకు తగిలిచ్చి పోత. ఎండకాలం తిరిగొచ్చేసరికి అదే కొమ్మకు ఉంటది, గని తొడిగి ఇడిసినట్టుంటది. మొదట ఎవలో బీద పిల్ల తొడుగుతాందనుకున్న. చుట్టుపక్కల ఊర్లన్ని తిరిగి అడిగిన. ఎవలు లేరు."

"మరి కొలత? కొలత ఎట్ల తీస్తున్నవ్?"

"నేను తియ్యలే సాలమ్మా. ఉత్త ఉన్నిదారం బట్టతోని కట్టి పోత. ముళ్ళు నా బిడ్డనే ఏస్తది."

బీరమ్మ కొంగుముడి విప్పింది.

"ఈయేడు నేను ఒక్క దారమే కట్టి పోయిన. వచ్చేసరికి రెండున్నయి. రెండోది నీకు చూపియ్యలే. ఎట్ల చూపియ్యాలె?"

రెండోది ఉన్నిది కాదు. సన్నటి నీలం నూలుదారం, సాలమ్మ మిషినుకు ఎక్కించే దారమే. దానికీ రెండు ముళ్ళు. సాలమ్మ దాన్ని తీసుకుపోయి, పడుకున్న బిడ్డ నడుం నుంచి కాలి గిలక దాకా పట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"నీ బిడ్డ తొడిగి ఇడిసిన బట్టలే గద నా బిడ్డ తొడిగేది," అన్నది బీరమ్మ ఏడుస్తూ. "తోడు అడుగుతాంది. ఒక్కతే ఉండలేకపోతాంది. నేనేం జెయ్యను?"

సాలమ్మకు ముందు ఒళ్ళు మండింది. ఈ మనిషిని జుట్టు పట్టి బయటికి ఈడ్చేద్దామనుకుంది. కానీ చింకి రవికెలో గోడ వారగా ముడుచుకుని ఏడుస్తున్న ఆమెను చూస్తే చెయ్యి రాలేదు. ముంతలో నీళ్ళు ముంచి ఇచ్చింది. బీరమ్మ తాగింది.

"నీ బిడ్డ పేరేంది అక్కా?"

"ఉప్పలమ్మ. ఉప్పీ అని పిలుసుకునేది." ఆ పేరు అడిగినవాళ్ళు ఎన్నేండ్లుగానో లేనట్టుంది, బీరమ్మ దాన్ని పలికి తనే ఉలిక్కిపడింది.

"పడ్డనాడు ఎంతుండె? చేత్తోని చూపియ్యి."

బీరమ్మ నేల నుంచి చెయ్యి లేపి చూపించింది. కూచున్న ఆమె తలను కూడా దాటలేదు. సాలమ్మ ఎర్రటి కొత్తబట్ట పరిచి, ఆ చెయ్యి చూపిన ఎత్తుకు చిన్న గౌను కత్తిరించి కుట్టడానికి కూచుంది. ఎదిగే పిల్లలకు వదిలే మడత ఈసారి అంచులో వదల్లేదు.

మరునాడు పొద్దున్నే జానమ్మను పక్కింటి బక్కమ్మకు అప్పజెప్పి, ఇద్దరూ ఏటికి బయల్దేరారు. ఎండ బాగా ఎక్కేసరికి రేవు చేరారు. పుట్టి నడిపే మనిషి అవతలి ఒడ్డున ఉన్నాడు. ఏరు ఎర్రగా, నిండుగా పోతోంది. తుమ్మచెట్టు కింద మెత్తటి బురద. పిట్ట కాలి గుర్తు కూడా లేదు. అయినా కొమ్మకు అప్పటికే ఒక నీలం దారం వేలాడుతోంది.

సాలమ్మ దాన్ని తెంపింది. కుట్టు అయ్యాక మిగిలిన దారం కొరికినట్టు, ఒక్కొక్క ముడినీ పళ్ళతో కొరికి ఉమ్మేసింది.

బీరమ్మ గౌనును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. "ఇది ఆమెకు పట్టదు సాలమ్మా. పెద్దగైంది."

"పెద్దగ గాలే అక్కా. మనమే చేసినం. ఏటేట నువ్వు బట్ట తెచ్చినవ్, నేను కుట్టి నా బిడ్డ పెయ్యికి పట్టిచ్చిన. పోయేదాన్ని పోనియ్యక ఇద్దరం పట్టుకున్నం. ఇడిసిపెట్టు."

ముందు పాత లంగాను నీళ్ళలో వేశారు. అది తేలలేదు. ఇనుప ముక్క పడ్డట్టు బుడుంగున మునిగింది. బీరమ్మ మోకాలి లోతు దిగి గౌనును నీళ్ళ మీద పెట్టింది. అది గాలి నింపుకుని ఉబ్బి, లోపల పిల్ల ఉన్నట్టే నిటారుగా నిలబడ్డది. వాలుకు పోవలసిన గౌను గుండ్రంగా తిరిగి ఒడ్డు దిక్కు మళ్ళింది. చిన్న చిన్న బుట్టచేతులు రెండూ ముందుకు లేచాయి.

"ఉప్పీ!" అని బీరమ్మ ఎదురుపోబోయింది. సాలమ్మ కూడా నీళ్ళల్లోకి దిగి ఆమె నడుం పట్టుకుంది. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. పట్టు జారితే ఇద్దరూ పోయేవాళ్ళే.

"ఎత్తుకోను రమ్మంటాంది సాలమ్మా!"

"నాకు కనపడ్తాంది అక్కా. పొమ్మను. నువ్వు చెప్తేనే పోతది. తల్లి మాటనే ఇంటది."

బీరమ్మ పెనుగులాడి పెనుగులాడి ఆగింది. అలిగిన పిల్లను బుజ్జగించినట్టు చెప్పింది. "పో బిడ్డా. పైనున్న మీ తాత కాడికి పో. ఆయన ఎత్తుకుంటడు. నేను నా దినమొచ్చినప్పుడొస్త. ఇంకొకల పిల్లను అడగకు బిడ్డా, వాళ్ళ అమ్మ ఏడుస్తది."

గౌను ఆగింది. చేతులు వాలిపోయాయి. మెల్లగా, పిల్ల కూచున్నట్టు నీళ్ళల్లో కూచుండిపోయింది. దాని మీదుగా ఏరు ఎప్పటిలాగే పోయింది.

బీరమ్మ అప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చింది, శవం ముందర ఏడ్చినట్టు. ఇన్నేండ్లూ ఏడవని ఏడుపు అది. సాలమ్మ ఆపలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి జానమ్మ బక్కమ్మ అరుగు మీద కూచుని రొట్టె తింటోంది. జ్వరం విడిచింది. "ఏడికి పోయినవే అమ్మా?" అని కోపం చేసింది. సాలమ్మ బదులు చెప్పకుండా పిల్ల జడ పట్టి చూసింది. పొడిగా ఉంది. ఆ తర్వాత ఎన్నడూ ఇంకో పిల్ల బట్టను ఆమె జానమ్మకు తొడిగి చూడలేదు.

మల్లప్ప దినాలు చేసి గూడెంలో అందరికీ భోజనం పెట్టాడు. ఆ ఏడు మందను ఎగువ రేవున దాటించారని గుర్వమ్మ చెప్పింది.

మళ్ళీ దసరా ముందు బీరమ్మ వచ్చింది. చేతిలో బట్ట లేదు, జున్ను గిన్నె ఉంది. అడగకుండానే లోపలికొచ్చి కూచుంది. జానమ్మ జున్ను తింటుంటే కళ్ళార్పకుండా చూసింది. సాలమ్మ మిషిను తొక్కడం ఆపి బిడ్డ పక్కన వచ్చి కూచుంది. తనకు తెలియకుండానే పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కలల వస్తదా అక్కా?" అని అడిగింది చివరికి.

"ఒక్కపారి వచ్చింది," అన్నది బీరమ్మ. "గింతనే ఉన్నది. వాళ్ళ తాత సంకల ఉన్నది. నా దిక్కు చూడనే లేదు, ఏందో తింటాంది."

కొంగుతో జానమ్మ మూతి తుడిచి, ఖాళీ గిన్నె తీసుకుని, పొద్దుగూకకముందే గూడెం చేరాలని లేచి వెళ్ళిపోయింది.