చిలకపచ్చ పోగు

నేరాల ప్రయోగశాలలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ పోగులమ్మే. దొంగ చొక్కా నుంచి ఊడిన దారం, కారు సీటుకు అంటిన నూలు, తలుపు సందులో చిక్కుకున్న ఊలు, ఇలాంటివాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏది ఏ గుడ్డలోంచి వచ్చిందో తేల్చడం ఆవిడ పని. కుర్చీలో కూర్చుని లేచినా సరే, మన బట్టల పోగు ఒకటి కుర్చీకి, కుర్చీ పోగు ఒకటి మనకి అంటుకుంటుంది. మనుషులు బొంకుతారు గాని పోగు బొంకదు అనేది పోగులమ్మ. ఆ మాట కోర్టులో జడ్జిగారి ముందూ అనేది, ఇంట్లో మొగుడి ముందూ అనేది. ఏ పాపం ఎరగని ఆ మనిషి అప్పట్నుంచీ గుమ్మంలోనే చొక్కా దులుపుకుని మరీ లోపలికి వచ్చేవాడు.

ఆ ఉద్యోగంలో ఆవిడకున్న కష్టమల్లా చలి. యంత్రాలు వేడెక్కకూడదని ఏసీ రోజంతా వణికిస్తూనే ఉంటుంది. పోనీ స్వెట్టరు వేసుకుందామంటే, ఊలు బట్టలు లోపలికి రాకూడదని రూలు. ఆ రూలు పెట్టించిందీ ఆవిడే. అందుకని ఎవరిమీదా విసుక్కోవడానికి లేదు. సాయంత్రం ఇంటికి రాగానే చల్లటి చేతులు రెండూ తీసుకెళ్ళి అత్తగారి చెంపలకు ఆనించేది. అత్తగారు కెవ్వుమని, "మీ ఆఫీసు మండిపోనూ! మనుషుల్ని పెట్టుకున్నారా, చేపల్ని పెట్టుకున్నారా?" అని తిట్టేది. తిడుతూనే ఆ చేతుల్ని తన అరచేతుల మధ్య పెట్టుకుని, వేడెక్కేదాకా రుద్దేది. పోగులమ్మ చిన్నప్పుడే తల్లి పోయింది. రోజూ ఆ కాసేపు ఆవిడ నోరు మెదపకుండా చేతులిచ్చి కూర్చునేది.

ఆమధ్య ఆవిడ తెల్లకోటు బొత్తం ఊడింది. కోటు ప్రయోగశాల దాటి బయటికి పోకూడదు. ఈ రూలు మాత్రం పోగులమ్మది కాదు, పెద్దసారుది. అందుకేనేమో, పెద్దగా ఆలోచించకుండా సంచిలో కుక్కుకుని ఇంటికి తెచ్చేసింది. అత్తగారు బొత్తం కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. చిత్రంగా, ఆ వారం నుంచే ప్రయోగశాలలో చలి కాస్త తగ్గింది. ఏసీ మెకానిక్ ఎదురైతే, "ఇన్నాళ్ళకు బాగుచేశారు బాబూ, మీ చేతికి దణ్ణం" అంది. అతను ఏసీ ముట్టుకుని ఏడాదైంది. అయినా మంచిమాట ఎవరికి చేదు? నవ్వి వెళ్ళిపోయాడు.

అలాంటి రోజుల్లో గడియారాల కొట్టు కేసు వచ్చింది. ఎవరో వెనక కిటికీ అద్దం పగలగొట్టి, సొరుగు పెకలించి, పాతకాలం చేతిగడియారాలు ఎత్తుకుపోయారు. అవి పేర్చి ఉంచిన మఖమల్ ట్రేలను పోలీసులు వేటికవి కాగితం సంచుల్లో సీలు వేసి పంపారు. పోగులమ్మ ఒక సంచి విప్పి, మఖమల్ మీద పారదర్శకంగా ఉండే టేపు అద్ది, మెల్లగా లేపింది. టేపుకు దుమ్ము, పిల్లి బొచ్చు, వాటితోపాటు చిలకపచ్చ ఊలు పోగులు వచ్చాయి.

ఆ రంగు చూసి ఆవిడ ప్రాణం లేచొచ్చింది. రంగును కాంతిలో విడదీసి గీతగా గీసే యంత్రం ఒకటుంది. దాని కింద పెడితే అడుగున పసుపు, పైన నీలం తేలాయి. మిల్లులో వేసిన రంగు కాదది, ఎవరో ఇంట్లో గిన్నెలో ముంచి, నచ్చక మళ్ళీ ముంచిన రంగు. "ఇలాంటి ఊలు బజార్లో దొరకదు. ఇది ఎవరి ఒంటిమీద కనిపిస్తే వాళ్ళని అడగండి," అని ఇన్‌స్పెక్టరుకు చెప్పింది.

ఇన్‌స్పెక్టరు చురుకైనవాడు. నాలుగు రోజులు తిరక్కుండానే ఒక మఫ్లరు సీలువేసి పట్టుకొచ్చాడు. కొట్టు వెనక సందులో రోజూ తెల్లారకముందే తిరిగే మనిషి మెడలో దొరికిందట. ఆ మనిషి ఎవరో అతను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. పరీక్ష చేసేవాళ్ళకు పేర్లు చెప్పకూడదని అక్కడి పద్ధతి. పోగులమ్మకు ఇంకో సొంత పద్ధతి ఉంది. గుడ్డ మొత్తం విప్పి చూడదు, చూస్తే మనసు ఏదో ఒక కథ అల్లుతుందని భయం. సంచి మూల కాస్త తెరిచి, అంచున చిన్న ముక్క కత్తిరించుకుని మళ్ళీ మూసేసింది. జంట సూక్ష్మదర్శినిలో ఒక పక్క టేపు మీది పోగు, ఇంకో పక్క మఫ్లరు పోగు పెట్టింది. రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి. ఫోన్ తీసి ఇన్‌స్పెక్టరుకు, "కలిసింది," అంది. రిపోర్టు టైపు చేసి, మర్నాడు సంతకం చేద్దామని ఇంటికి వెళ్ళింది.

ఆ ఇంట్లో పోగులమ్మకు అలారం అక్కర్లేదు. పాలాయన వీధి మొదట్లో ఈలపాట మొదలుపెడితే మెలకువ వచ్చేది, అటు తిరిగి మళ్ళీ పడుకునేది. ఆ ఈల తప్ప ఆయన మొహం కూడా సరిగా చూసి ఎరగదు. మర్నాడు ఈల వినపడలేదు. లేచి వంటింట్లోకి వెళితే స్టవ్వు వెలగలేదు. అత్తగారు ఖాళీ పాలగిన్నె ముందు పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది అత్తయ్యా? పాలాయన రాలేదా?"

"ఎలా వస్తాడే? నిన్న సాయంత్రం పోలీసులు తీసుకెళ్ళారట. గడియారాల కొట్టు దొంగతనం ఆయన మెడకు చుట్టారు. నిజంగానే మెడకే చుట్టారు. నేను అల్లిచ్చిన మఫ్లరే సాక్ష్యం అన్నారట."

పోగులమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"మీరు అల్లారా? ఏ రంగు?"

"చిలకపచ్చ. మీ మామయ్యగారి తెల్ల స్వెట్టరు ఉండేది చూడు, అది విప్పేశాను. ఆయన పోయాక బీరువా తీసినప్పుడల్లా అది కనబడితే చూళ్ళేకపోయేదాన్ని. పసుపు రంగులో ముంచితే బాలేదు, మళ్ళీ నీలంలో ముంచాను. పాలాయన చలిలో అంత పొద్దున్నే తిరుగుతాడు కదా, మీ మామయ్యగారి ఊలు ఒక మంచి మనిషి మెడలో ఉంటే చాలనుకున్నాను. అదే ఆ మనిషికి ఉరైంది."

పోగులమ్మకు ఏడుపొచ్చింది. అయినా అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "అత్తయ్యా, పోగు బొంకదు. మంచివాళ్ళు కూడా ఒక్కోసారి..."

"మీ పోగు సంగతి నాకు తెలీదు. ఆయన సంగతి తెలుసు. చిల్లర ఎక్కువిస్తే వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి ఇచ్చిపోతాడు."

"పోనీ, బాగా గుర్తు తెచ్చుకోండి. ఆ ఊలు ఇంకెవరికైనా ఇచ్చారా? ఇంకొకళ్ళ దగ్గర ఉంటే ఆయనకు కాస్త దారి దొరుకుతుంది."

అత్తగారు కోడలి మణికట్ల వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"కొంచెం మిగిలింది," అంది చివరికి.

"ఎవరికిచ్చారు?"

"చెబితే నీ ఉద్యోగానికి ముప్పొస్తుందేమోనే. చెప్పకపోతే ఆయన జైలుకు పోతాడు. రెండు కళ్ళలో ఏ కన్ను కావాలంటే నేనేం చెప్పను?"

"అత్తయ్యా, ఎవరికిచ్చారు?"

"నీకే. కోటు చేతుల అంచు మడత విప్పి, మధ్యలో ఊలు పట్టీ పెట్టి మళ్ళీ కుట్టాను. మణికట్టు వెచ్చగా ఉంటే ఒళ్ళంతా వెచ్చగా ఉంటుందని. చెబితే రూలంటావు, విప్పి పారేస్తావు. అందుకే చెప్పలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పోగులమ్మ ఒంటిమీద లేని కోటు అంచులు తడుముకుంది. ఏసీ మెకానిక్‌కు పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తన చేతి నుంచి రాలిన పోగును తనే టేపుతో ఏరి, తనే రంగు తేల్చి, తనే ఒక మనిషిని లోపల వేయించింది. అత్తగారి మీద కోపం వచ్చింది. అరవడానికి నోరు కూడా తెరిచింది. కానీ ఎదురుగా ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తిట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. రోజూ తన చేతుల్ని రుద్దే చేతులవి. పోగులమ్మ నోరు మూసుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది.

దారిపొడుగునా మనసు ఒక ఉపాయం చెబుతూనే ఉంది. ఆ పట్టీ పీకి చెత్తబుట్టలో పడేసి, పోగులు చాలవు, ఏమీ తేల్చలేం అని రిపోర్టు మార్చేస్తే సరి, పిట్టమనిషికి కూడా తెలీదు. కానీ చాలవని రాస్తే అనుమానం అలాగే ఉంటుంది. ఆ మనిషి మళ్ళీ ఏ వీధిలో ఈల వేస్తాడు? పోగులమ్మ నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళి కోటు బల్లమీద పెట్టింది.

పెద్దసారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడంటే కోపం వచ్చిందని అర్థం. అంతా విని, తోసుకున్నాడు. సాక్షిగా ఇంకొకరిని పిలిచి, తనే బ్లేడుతో కోటు అంచు కోశాడు. కుట్టు ఒకచోట అప్పటికే కాస్త వదులై ఉంది. అక్కణ్ణుంచి చిలకపచ్చ ఊలు తొంగిచూస్తోంది.

"కోటు ఇంటికెందుకు తీసుకెళ్ళావమ్మా?"

"బొత్తం ఊడింది సార్."

"ఇక్కడే కుట్టుకోవచ్చుగా?"

"కుట్టడం రాదు సార్."

"ఊళ్ళోవాళ్ళ దారాలన్నీ నీకు కావాలి, సూదిలో దారం ఎక్కించడం మాత్రం రాదు!" అన్నాడు పెద్దసారు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు," అన్నాడు. అలా అన్నాడు గాని శిక్ష తప్పించలేదు. ఆ కేసు నుంచి తీసేశాడు, సంజాయిషీ రాయించాడు, కొన్నాళ్ళు కోర్టు మెట్లు ఎక్కవద్దన్నాడు. పోగులమ్మ అన్నిటికీ తలూపింది.

సీలు విప్పని ట్రేలు ఇంకా ఉన్నాయి. వాటిని వేరే గదిలో, వేరే మనిషి, కొత్త కోటు వేసుకుని పరీక్ష చేశాడు. పిల్లి బొచ్చు దొరికింది, చిలకపచ్చ మాత్రం మచ్చుకైనా లేదు. అప్పుడు అందరి చూపూ సొరుగు మీద పడింది. పనిముట్ల గీతలు చదివే ఆయన్ని అక్కడ గీతల మాస్టారంటారు. సొరుగును స్క్రూడ్రైవరుతో పెకలించారని, దాని మొన ఒక మూల విరిగిందని, చెక్కమీది గాట్లు చూసి ఆయన చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఈసారి ఆ సందులో ఈమధ్య పనిచేసినవాళ్ళ పనిముట్లన్నీ తెచ్చాడు. కొట్టుకు షట్టరు బిగించినవాడి పెట్టెలో మొన విరిగిన స్క్రూడ్రైవరు ఉంది. పరీక్షకని దానితో సీసం మీద గీసిన గీతలూ, సొరుగు మీది గీతలూ జంట సూక్ష్మదర్శినిలో ఒకదాంట్లోంచి ఒకటి సాగిపోయినట్టున్నాయి. పెట్టె అడుగున అద్దం నలుసులు కూడా ఉన్నాయి. కిటికీ అద్దం కాంతిని ఎంత వంచుతుందో అవీ అంతే వంచాయి. షట్టరువాడు ఒప్పుకుని గడియారాలు దాచిన చోటు చూపించాడు.

మర్నాడు వీధి మొదట్లో ఈల వినపడింది. పోగులమ్మ అటు తిరిగి పడుకోలేదు. పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పాలాయన నెరిసిన మీసాలవాడు. చిలకపచ్చ మఫ్లరు మెడలోనే ఉంది. ఆవిణ్ణి చూసి బిత్తరపోయి, "పెద్దమ్మగారికి ఒంట్లో బాలేదా అమ్మా?" అన్నాడు. తర్వాత మఫ్లరు అంచు చూపించి, "పోలీసులు ఇచ్చేశారు గాని, ఎవరో ఇక్కడ కత్తిరించారండి. కాస్త కుట్టిపెట్టమని చెబుతారా?" అన్నాడు.

"కత్తిరించింది నేనే," అంది పోగులమ్మ. "మిమ్మల్ని పట్టించిందీ నేనే. తప్పు నాది. క్షమించండి."

పాలాయన పాలు కొలిచి గిన్నెలో పోశాడు. "విడిపించింది కూడా మీరేనని ఇన్‌స్పెక్టరుగారు చెప్పారమ్మా," అని, మఫ్లరు విప్పి ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఈల మాత్రం రెండిళ్ళు దాటాకగాని మొదలుపెట్టలేదు.

అత్తగారు మఫ్లరు ఒళ్ళో వేసుకుని, "దీనికి కలిసే ఊలు లేదే. మిగిలిన ముక్కేదీ?" అంది.

"ఆఫీసు బీరువాలో సీలు వేశారు. ఇక ముందు ఏ కేసులో అలాంటి పోగు దొరికినా, ముందు నన్నే అనుమానించాలట."

"మీ మామయ్యగారి స్వెట్టరు సర్కారు బీరువా ఎక్కిందన్నమాట," అని అత్తగారు ఎర్ర ఊలుతో అతుకు వేయడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అంది. "అయితే నీ పోగు బొంకిందిగా?"

"లేదత్తయ్యా. నాకు చలేస్తోందని మీరు దిగులు పడుతున్నారు అని ఉన్నమాటే చెప్పింది. నేనే వినిపించుకోకుండా, దొంగెవరో చెప్పమన్నాను."

అత్తగారి సూది ఆగింది. కళ్ళు తుడుచుకుని, కోడలి చేతులు రెండూ లాక్కుని అరచేతుల మధ్య పెట్టుకుంది.

"అదంతా సరే," అంది. "మరి ఆ చలి సంగతి ఏం చేశారు?"