సగం ఇంట్లో పుట్టిన ఊరు

మా ఊరు ఒక ఇంటి సగంలో మొదలైంది. మిగతా సగం డార్కస్ టీగ్‌ది. ఆ సగం జోలికి ఊరు ఏనాడూ పోలేదు.

అప్పటికి నెబ్రాస్కాలో ఈ మూల గడ్డి తప్ప మరేం లేదు. మనిషికి నూట అరవై ఎకరాలు ఇస్తానంది సర్కారు. అయిదేళ్లు ఆ నేల దున్నుకుని, ఆ నేల మీదే పడుకోవాలి, షరతు అంతే. మొగుడు పోయాక డార్కస్ పన్నెండేళ్లు అన్న ఇంట్లో గడిపింది. వదిన పొయ్యి దగ్గర వండింది, వదిన పిల్లల ముక్కులు తుడిచింది, అందరూ తిని లేచాక మిగిలింది తిన్నది. నలభై ఆరో ఏట ఒక ట్రంకుపెట్టె, రెండు కోళ్లు వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి తన పేరున నేల రాయించుకుంది. ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేదట.

పక్క నేల నిల్స్ లిండాల్‌ది. స్వీడన్ నుంచి వచ్చిన వడ్రంగి, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. కలప తేవాలంటే బండి మీద రెండు రోజుల ప్రయాణం. తెచ్చింది రెండిళ్లకు చాలదు. అందుకని సరిహద్దు మీద ఒకే ఇల్లు కట్టుకుందాం, ఎవరి మంచం వాళ్ల నేల మీద వేసుకుందాం అన్నాడు నిల్స్. ఆ రోజుల్లో అలా కట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంటి మధ్య నీలంరంగు గీత గీశాడు. పొయ్యి ఆమె వైపు, బావి అతని వైపు పడ్డాయి. గీత మీద అడ్డంగా బల్ల వేసుకున్నారు. రొట్టె అటు వెళ్లేది, నీళ్లు ఇటు వచ్చేవి.

మైలు దూరాన ఉండే ఫిలూరా బెక్విత్ వచ్చినప్పుడల్లా ఆ గీత దగ్గర ఆగి నవ్వేది.

"ఏమే డార్కస్, గీత దాటినందుకు పిల్లి దగ్గర కూడా పన్ను వసూలు చేస్తున్నావా?"

"పిల్లి నాదే. ఆయన ఎలుకల్ని పట్టి ఇటొచ్చి తింటుంది. మధ్యలో నీకేం నష్టం?"

"నాకేం నష్టమమ్మా! వంట నీది, తిండి ఆయనది, పెళ్లి మాత్రం ఎవరిదీ కాదు. చూడ్డానికే వింతగా ఉంది, అంతే."

పెళ్లి మాట డార్కస్‌కు తట్టక కాదు. సర్కారు లెక్కలో మొగుడూ పెళ్లాలకు ఒకటే ఇల్లు, ఒకటే నేల. అయిదేళ్ల గడువు నిండకముందే చేసుకుంటే ఇద్దరిలో ఒకరు నేల వదులుకోవాలి. అలాంటప్పుడు వదులుకునేది ఎప్పుడూ ఆడదే.

నాలుగో చలికాలంలో నిల్స్‌కు రొమ్ము పట్టేసి జ్వరం కాసింది. డార్కస్ కుర్చీ అటు లాక్కుని తొమ్మిది రోజులు అతని పక్కనే కూర్చుంది. ఉల్లిపాయలు వేయించి, గుడ్డలో కట్టి రొమ్ము మీద కాపడం పెట్టింది. కోడిపులుసు చెంచాతో పోసింది. పదోరోజు పొద్దున అతను కళ్లు తెరిచాడు.

"మంచు ఆగిందా?"

"ఆగింది. నువ్వే, నన్ను హడలగొట్టి చంపావు."

"డార్కసమ్మా, గడువు ఇంకా ఏడాదికి పైనే ఉంది. నాకా, యాభై తొమ్మిది. అంతవరకూ ఉంటానో లేదో. ఇప్పుడే చేసుకుందామా?"

ఆమె చేతిలో చెంచా ఆగింది.

"నా నేల ఇవ్వలేను నిల్స్. నువ్వంటే ఇష్టం లేక కాదు. మళ్లీ ఒకరింట్లో ఉండటం నావల్ల కాదు. అది నీ ఇల్లయినా సరే."

"ఊఁ" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు నిల్స్.

లేచి తిరగగలిగాక కూడా ముక్తసరిగానే మాట్లాడాడు. ఒక పొద్దున ఆమె కోళ్లకు గింజలు చల్లి వచ్చేసరికి అతని కంచరగాడిద లేదు, కొక్కేనికి మంచి కోటు లేదు. తమ్ముడి దగ్గరికి మిన్నెసోటా వెళ్లిపోయాడనుకుంది డార్కస్. అయిదు రోజులు అలవాటుకొద్దీ ఇద్దరికి సరిపడా పిండి పిసికింది. దిండు కింది కాగితం తీసి, వదిలేస్తే ఏమవుతుందని తనను తానే అడిగింది. వేళ్లు బిగుసుకున్నాయే గాని వదల్లేదు. ఆ కాగితం పట్టుకునే ఏడ్చింది.

ఆరోరోజు మధ్యాహ్నం, గడ్డం నిండా మంచు అంటించుకుని వచ్చాడు నిల్స్.

"చెప్పి పోతే నోటి ముత్యాలు రాలతాయా?" అని అరిచింది డార్కస్.

"చెబితే పోనిచ్చేదానివా? భూముల ఆఫీసుకు వెళ్లాను. నాది వదిలేస్తూ సంతకం పెట్టి వచ్చాను."

"నూట అరవై ఎకరాలా! నీకు జ్వరం తగ్గలేదయ్యా, తలకెక్కింది. బావి తవ్వావు, ముప్పై ఎకరాలు దున్నావు..."

"నాకు రంపముంది, చేతులున్నాయి. నేల లేకపోయినా బతుకుతాను. నువ్వు బతకలేవు. వచ్చిన కొత్తలో నిద్రలో కూడా 'వస్తున్నా వదినా' అంటూ ఉలిక్కిపడి లేచేదానివి. నేను గీత ఇవతలే పడుకుని వినేవాణ్ని."

డార్కస్ కుర్చీని పొయ్యి దగ్గరికి లాగింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూర్చుని, గడ్డకట్టిన బూట్లు ఒక్కొక్కటే లాగింది.

"మరి నన్ను నీ ఇంట్లో ఉండనిస్తావా?" అన్నాడు.

"ఉండు. కానీ పులుసులో ఉప్పు చాల్లేదంటే మాత్రం బయటికే."

మార్చిలో ఊరూరా తిరిగే పాదిరి వచ్చి ఫిలూరా ఇంట్లో వాళ్ల పెళ్లి చేశాడు. అతను వదిలిన నేలలో బావి ఉంది కదా, ఫిలూరా మొగుడూ మరో ఆరు కుటుంబాలూ కలిసి ఊరి కోసమని ఆ నేలను రాయించుకున్నారు. దాంతో నిల్స్ మంచం ఉన్న సగం ఇల్లు ఊరిదైపోయింది. అతను మంచం ఇటు మోసుకొచ్చి, మధ్యలో చెక్కగోడ కొట్టాడు. గోడకు అవతల పోస్టాఫీసు పెట్టారు. మా ఊరికి మొదటి కప్పు అదే.

మొదటి టపా వచ్చిన రోజు తెల్లారకముందే ఏడు కుటుంబాలవాళ్లూ వచ్చేశారు. నెలల తరబడి ఉత్తరం ముక్క చూడనివాళ్లు, గోల గోలగా ఉంది. చెక్కగోడ పక్కనుంచి డార్కస్ తల బయటపెట్టింది.

"కాస్త మెల్లగా. ఆయన తెల్లవార్లూ దగ్గి ఇప్పుడే కళ్లు మూశాడు."

"ఊరు పుట్టినరోజే నోరు మూసుకోమంటావేమే?" అంది ఫిలూరా.

"ఊరు పుట్టింది సరే. నా మొగుణ్ని లేపారో, చీపురు తీస్తాను."

ఎవరూ నొచ్చుకోలేదు. పెద్దా చిన్నా అందరూ మునివేళ్ల మీద నడిచారు. చెల్లెలికి కవలలు పుట్టారని ఫిలూరాకు ఉత్తరం వచ్చింది. నవ్వు పైకి రాకుండా ఏప్రాన్ అంచు నోట్లో కుక్కుకుని, ఆ కాగితం డార్కస్ చేతిలో పెట్టింది.

గోడ అవతల నిల్స్ గురక సన్నగా, నెమ్మదిగా సాగుతూ ఉంది.