గునపం దిగిన చోటు

నల్లా రాగానే మొదటి చెంబు నీళ్లను వాసన చూడనిదే మహేశ్వరి బిందె పెట్టదు. "దీనికి ఫికరే అన్నం, ఫికరే కూర," అని ఆమె బెంగను వెక్కిరించేవాడు భర్త విశ్వేశ్వర్. అత్త చంద్రమ్మ ముసిముసిగా నవ్వేది. అయితే ఆ పొద్దు నీళ్లు నిజంగానే మురుగు మోరీ వాసన వేశాయి, మధ్యాహ్నానికి ఎనిమిదేళ్ల స్రవ్యకు వాంతులు పట్టుకున్నాయి. సెలైన్ ఎక్కుతున్న కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్న మహేశ్వరి జరగరానివన్నీ జరిగిపోయినట్టే చూసేసింది. మూడోరోజుకు పిల్ల ఇల్లు చేరింది. నీళ్ల ఆఫీసులో చెప్పి రమ్మంటే విశ్వేశ్వర్ చెప్పులు తొడుక్కుంటూ, "గల్లీల ఇందరుంటే నీకే వాసనొచ్చిందా? కాచుకొని తాగుర్రి," అన్నాడు. కాచేది ఎవరో అతను అనలేదు. ఏడో తరగతి చదివిన మహేశ్వరి నాలుగు కాగితాలు చింపి, అయిదోదాని మీద అర్జీ రాసి తనే ఇచ్చి వచ్చింది.

వారానికి మనుషులొచ్చారు. వాళ్లను తెచ్చిన ఇంజనీరు ప్రీతి, చిన్న వయసు పిల్ల. జల్‌పల్లిలోని ఆ కొత్త కాలనీ గల్లీ పొడుగునా తవ్వుకుంటూ వచ్చి, మహేశ్వరి గేటు పక్కనున్న కానుగ చెట్టు దగ్గర ఆగారు.

మూడేళ్ల కిందట ఏడోనెలలో మహేశ్వరికి ఆడపిల్ల పుట్టింది, ఊపిరి లేకుండా. పాతచీర ముక్కలో చుట్టి విశ్వేశ్వరూ అతని అన్నా తీసుకెళ్లారు. ఎక్కడ పూడ్చారో చెప్పలేదు. "తెలిస్తే దినాం ఆడనే పోయి కూసుంటది. ఆడపిల్లనే గదా, ఇంకొకటి గంటది," అంది చంద్రమ్మ. పుట్టింట్లో నెల రోజులు పడుకుని వచ్చిన వారానికి మున్సిపాలిటీవాళ్లు ఇంటింటికీ మొక్కలు పంచారు. పచ్చి ఒంటితోనే గునపం పట్టింది. అంతా బండ. ఎక్కడ వేసినా ఖంగుమని చేతులు జివ్వుమనేవి. గేటు పక్కన ఒక్కచోట మాత్రం పిండిలో దిగినట్టు దిగింది. భూమితల్లి తన బిడ్డకు చోటిచ్చిందనుకుంది. బియ్యం కడుగు పోసింది, మేకలు రాకుండా ముళ్లు కట్టింది. పొద్దున వాకిలి ఊడుస్తూ చెట్టు మొదట్లో అరచెయ్యి ఆనించి, ఎవరికీ చెప్పని పేరుతో పిలిచేది.

"ఈడ మట్టి మెత్తగెందుకున్నదంటే అక్కా," అంది ప్రీతి గుంత చూపిస్తూ, "నల్లా పైపు ఏసి పూడ్చిన కాలువ ఇది. మీరు సరిగ్గ దాని మీదనే పెట్టిర్రు. వేర్లు అతుకులల్లకు దూరినయి. పక్కనే మోరీ లైను, అండ్లకెల్లి మురికి ఈ పైపులకు దిగుతున్నది."

తను పుట్టింట్లో ఉన్న నెలలోనే పైపు వేశారన్న మాట. భూమి ఇవ్వలేదు, ఎవరో తవ్వి పోయారు. తను ఒక బిడ్డకు పోసిన నీళ్లే ఇంకో బిడ్డ కడుపులో విషమయ్యాయి. గుమ్మంలో నిలబడ్డ చంద్రమ్మ, "అర్జీ వెట్టి మరీ పిలిపిచ్చుకున్నవు గదనే," అంది.

"చెట్టు తియ్యకుంటే నడువదా మేడం?" అడిగింది మహేశ్వరి.

"పిల్లలు తాగే నీళ్లక్కా."

"అయితే తియ్యుర్రి."

ఆ మాట తన నోటితోనే అంది. గొడ్డలి దెబ్బలు పడుతున్నంతసేపూ లోపలికి పోలేదు. కోసిన పైపు ముక్కలోంచి పనివాడు వేర్ల కుచ్చు లాగాడు. సన్నగా, మెత్తగా, తలంటి దువ్విన పసిపిల్ల జుట్టులా ఉంది. ఆమె దాన్ని కొంగులో పట్టుకుని, ఇంకో మొక్కకు ఎక్కడా చోటు లేదా అని అడిగింది.

"ప్లాట్లు కొట్టినప్పుడే చెట్లకింత, పైపులకింత అని ఇడువాల్సింది. ఎవరిడుస్తరు?" అంది ప్రీతి. "మీ గోడకు, పైపుకు నడుమ నాలుగడుగులున్నది గని ర్యాంపు కట్టిర్రు. అది దీస్తే మిషన్‌తోని బండ కొట్టిస్త. వేర్లు ఇటు రాకుండ అడ్డం గోడ పోపిస్త. ఇంటి ఓనరు సంతకం వెట్టాలె."

డ్యూటీ దిగి వచ్చిన విశ్వేశ్వర్ సంగతి విని బండి దిగకుండానే నవ్వాడు. "ర్యాంపు దీస్తే బండి లోపలికెట్ల ఎక్కుతది మేడం? సంతకం పెట్టను, పోండ్రి."

అన్నదమ్ములు వాటా అడుగుతారని ఇల్లు అతనే మహేశ్వరి పేరున రాయించాడు. ఇన్నాళ్లూ ఏ కాగితమైనా అతను వేలు పెట్టిన చోట ఆమె సంతకం చేసేది. ఇవాళ ప్రీతి చేతిలోంచి కాగితం తీసుకుని, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివి, తనే చోటు వెతుక్కుని సంతకం పెట్టింది.

"దిమాక్ ఖరాబైందా? మరి బండి యాడ వెట్టాలె?"

"గల్లీ మూలకు పెట్టు," అంది మహేశ్వరి, గొంతు పెంచకుండా. "నల్లా రాకముందు ట్యాంకరు ఆడనే ఆగుతుండె. ఏడు నెలల కడుపుతోని ఆడికెల్లి దినాం ఇరవై బిందెలు మోసిన. నువ్వు ఉత్త చేతులతోనే గదా నడిచొచ్చేది."