ఖాదర్ వలి విరగని సంఖ్య
ఎడమచేతి స్టిక్కులో సీసపు అచ్చులు పేరుస్తూనే, పెదవులతో భాగహారం చేసుకుంటున్నాడు ఖాదర్ వలి. మదనపల్లెలోని ఆ చిన్న ప్రెస్సులో నలభై ఏళ్లుగా కంపోజిటరు. ఊళ్లో ఎవరి పెళ్లిపత్రికైనా ఆయన వేళ్ల మీదుగా పోవలసిందే. ఆయన పేరు మాత్రం ఇంతవరకూ ఏ కాగితమూ ఎక్కలేదు.

ఈరోజు ఎక్కబోతోంది. రసీదు పుస్తకాలకు నంబర్లు కొట్టే మిషను ఆరంకెల దాకే పోతుంది. ఆ అంకెల్లో, దేనితో భాగించినా శేషం మిగిల్చే, విరగని అతి పెద్ద సంఖ్య ఏదా అని ఆయనకు పిచ్చి పట్టుకుంది. 999999 నుంచి కిందికి దిగాడు. 999991 కాస్త సతాయించి పదిహేడుకు లొంగింది. 999983 మాత్రం మొండికేసింది.

"వెయ్యిలోపల ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. వాటికి లొంగకుంటే ఇంక దేనికీ లొంగదు. అన్నిట్తో భాగించి సూపించు సాబూ, ఈడ అచ్చయ్యే మా బడి సంచికలో నీ పేరుతో ఏస్తా" అని అప్పట్లో అన్నాడు పుంగనూరు లెక్కల అయ్యవారు సుబ్బరాయుడు.

ఖాదర్ వలి చదివింది ఐదో తరగతి. అయితేనేం! ఆ సంఖ్యల పట్టీ అంతా అచ్చుకూర్చి, ప్రూఫు తీసుకుని, నాలుగు నెలలపాటు మధ్యాహ్నం సంగటి తింటూ ఒక్కొక్కదానితో భాగించి టిక్కు పెట్టాడు. ధీమా ఎంతంటే, లెక్క తేలకముందే పట్టీ కింద తన పేరు కూర్చేశాడు. సీసంలో దాన్ని తిరగేసి ఎన్నిసార్లు చదువుకున్నాడో! ఈ పొద్దున 997 కూడా అయిపోయింది. శేషం 989.

పన్నెండు గంటల బస్సుకు దిగిన సుబ్బరాయుడు ప్రూఫు మీద వేలు పెట్టుకుంటూ పోయి ఆగాడు.

"ఆరువందల ఒకటి యాడ సాబూ? ఈడ తొమ్మిదివందల ఒకటి ఉండాదే!"

ఖాదర్ వలి వంగి ప్రూఫు చూశాడు. అచ్చుల పెట్టెలో ఆరు ఉండాల్సిన గూట్లో తొమ్మిది పడి ఉంటుంది, మందగించిన చూపు పట్టుకోలేదు. ప్రూఫులో ఉన్నదానితోనే భాగించి టిక్కు పెట్టేశాడు. ఇప్పుడు 601తో విరిగిందా, నాలుగు నెలలూ పేరూ గంగలో కలిసినట్టే. ట్రెడిల్ అచ్చుమిషను తొక్కుతున్న పనివాడు బాలప్ప కూడా కాలు ఆపేశాడు.

ఖాదర్ వలి ప్రూఫు వెనకవైపు తిప్పి, తొణక్కుండా భాగించాడు.

"శేషం ఐనూట ఇరవై. పోదు అయ్యవారూ! ఇది ఎవురికీ లొంగేది కాదని నేను సెప్తానే ఉండా గదా!"

చిమటాతో తొమ్మిదిని పెరికి, ఆరు దిగేసి, అచ్చులు బిగించిన ఫారం బాలప్ప చేతికిచ్చాడు. "రోంత ఆయాసంగా ఉండాది. మీరు కానీండప్పా" అంటూ స్టూలు మీద గోడకు చేరబడ్డాడు.

మొదటి కాగితం ఇంకా తడిగా ఉండగానే సుబ్బరాయుడు తెచ్చాడు. "సూడు సాబూ, నీ పేరు!"

పలకలేదు. కళ్లద్దాలు ఒళ్లోకి జారి ఉన్నాయి. బాలప్ప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, భోరుమన్నాడు.

నలభై ఏళ్లలో ఒక్క అచ్చునైనా గూటికి చేర్చకుండా లేచిన మనిషి కాదు. అచ్చులు సర్దే రాతిబల్ల అంచున, పెరికిన ఆ తొమ్మిది అలాగే పడి ఉంది.